తూగాలన్న మాట

దాలినాయుడు మాస్టారు అడిగినదానికి వెంటనే జవాబు చెప్పరు. చెప్పినా ఒక్క మాటే చెబుతారు. ఆ మాట అర్థమైందా లేదా అని కొన్నాళ్ళు మన మొహాలు చూస్తూ తిరుగుతారు. కాలేదని తేలాక ఏదో ఒక పని పురమాయిస్తారు. జవాబు ఆ పనిలో ఉంటుంది. అనకాపల్లిలో పాత బెల్లం గోదాంలో ఆయన దగ్గర బాక్సింగ్ నేర్చుకునే ఆడపిల్లలందరికీ ఈ సంగతి తెలుసు. వాళ్ళని దింపడానికి వచ్చే తల్లులకు మాత్రం తెలియదు. నాకూ తెలియదు.

మా అమ్మాయి నూకరత్నం ఆయన్ని అడిగిన ప్రశ్న ఇది. "నాకంటే బరువైనవాళ్ళతో ఆడాలంటే ఏటి చెయ్యాలి మాస్టారూ? వాళ్ళంత లావవ్వాలా, నా వేగం సరిపోద్దా?"

ఆయన ఆ పూట ఇచ్చిన జవాబు, "తూగాలి."

ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. రత్నం నలభై ఎనిమిది కిలోల పిల్ల. ఆ బరువులో మా జిల్లాలో దాని ముందు నిలిచినవాళ్ళు లేరు. చెయ్యి వెళ్ళడం కనిపించదు, వచ్చాకే కనిపిస్తుంది అని చెప్పుకునేవారు. ఆ ఏడు రాష్ట్ర జట్టు ఎంపికల్లో ఆ కింది విభాగం తీసేశారు. ఆడితే యాభై నాలుగులో ఆడాలి, లేకపోతే ఇంట్లో కూర్చోవాలి. యాభై నాలుగంటే నిజంగా యాభై నాలుగు కాదని మాకు తర్వాత తెలిసింది. మామూలు రోజుల్లో యాభై ఎనిమిది ఉండే పిల్లలు తిండీ నీళ్ళూ మానేసి, ఒకదాని మీద ఒకటి స్వెట్టర్లు తొడుక్కుని ఎండలో పరుగెత్తి, కాటా ఎక్కే పొద్దుటికి యాభై నాలుగు అవుతారు. కాటా దిగగానే సీసాలకు సీసాలు తాగుతారు. రింగులోకి వచ్చేసరికి మళ్ళీ పాత మనుషులే.

అలాంటి పిల్లతో మొదటి పోటీ విజయనగరంలో జరిగింది. నేను ముందు వరసలో కూర్చున్నాను. రత్నమే ముందు కొట్టింది. మళ్ళీ అదే కొట్టింది. మొహం మీద చినుకు పడ్డట్టు ఆ పిల్ల కళ్ళు ఆర్పింది, అంతే. తర్వాత ఒక అడుగు ముందుకు వేసింది. రత్నం తగ్గలేదు. తగ్గడం దానికి తెలియదు, నేను నేర్పలేదు. తాడుకు వీపు ఆనించి, కాళ్ళు ఊని నిలబడింది. అలా నిలబడ్డ మనిషిని కొట్టడం ఎంతసేపు. కుడిచేతి దెబ్బ చెంప మీద తగిలిన చప్పుడు నాకు వినిపించింది. రత్నం నేల మీద పడటం మాత్రం నేను చూడలేదు. కళ్ళు తెరిచేసరికి డాక్టరు దాని కళ్ళలోకి లైటు వేసి చూస్తున్నాడు.

అప్పటినుంచి ఇంట్లో గిన్నె జారి పడ్డా నా ఒళ్ళు ఝల్లుమంటుంది.

తిరుగు బస్సులో చెప్పాను. "ఇంకోసారి పడితే మానేస్తావు."

"సరే."

"నిజంగా చెప్పు."

"పడితే మానేస్తాను. పడను." ముక్కులో దూది పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. వాళ్ళ నాన్న లారీ మీద తిరిగే మనిషి. ఇంట్లో మాటంటే నాదీ, దానిదీ. ఇచ్చాక తిరగడం మా ఇద్దరికీ లేదు.

నేను అంగన్‌వాడీ టీచర్ని. ప్రతి నెలా పిల్లల్ని బరువు చూడటం, తక్కువుంటే తల్లుల్ని కేకలెయ్యడం నా ఉద్యోగం. బరువు తగ్గిన పిల్ల అంటే నాకు ప్రమాదంలో ఉన్న పిల్ల. కాబట్టి, మాస్టారు తూగాలన్నారని రత్నం వచ్చి చెప్పగానే నాకు ఇంకో అర్థం తట్టలేదు. దానికీ తట్టలేదు. ఎదుటి మనిషికి తూగాలంటే ఎదుటి మనిషంత ఉండాలి కదా. గుడ్లు, గేదెపాలు, వేరుశెనగ ఉండలు, ఆదివారం కాకపోయినా మాంసం. వద్దంటే గదమాయించి పెట్టాను. ఒకరోజు ఎగతాళికి, మా కేంద్రంలో పసివాళ్ళకు చూపించినట్టు, "అదిగో కాకి, ఇదిగో ముద్ద" అన్నాను. ఇరవయ్యేళ్ళది నోరు తెరిచింది.

బాక్సింగ్ పిల్లల బరువు చూసేది గోదాంలో మిగిలిపోయిన పాత బెల్లం కాటా మీదే. ఇప్పటికీ దాని సందుల్లోంచి చీమలు వస్తాయి. కొన్ని వారాలు గడిచేసరికి రత్నం నిలబడితే ఆ కాటా యాభై మూడు చూపించింది. నేను సంతోషించాను. పైడితల్లి నవ్వింది.

పైడితల్లి ఆ గోదాంలో అందరికంటే పెద్ద పిల్ల. డెబ్భై కిలోలు దాటినవాళ్ళ విభాగంలో ఆడుతుంది. నోరు కూడా ఆ విభాగానిదే. "ఏటే రత్నం, మీయమ్మ నిన్ను ఆటకి పెంచుతుందా, మార్కెట్‌కి పెంచుతుందా? బెల్లం దిమ్మలా తయారయ్యావు," అంది.

రత్నం ఊరుకునే రకం కాదు, మీదికి వెళ్ళింది. వెళ్ళడంలో ఇదివరకటి చురుకు లేదు. పైడితల్లి నిదానంగా పక్కకి జరిగి, గ్లౌజుతో దాని నెత్తి మీద తట్టింది. "చూసావా, ఇంతకుముందు నాకు దొరికేదానివి కాదు. ఇప్పుడు బస్సులా వస్తన్నావు. ఎప్పుడొస్తావో ముందే తెలుస్తంది."

"దమ్ముంటే మళ్ళీ తట్టు," అంది రత్నం. పైడితల్లి మళ్ళీ తట్టింది. అందరూ నవ్వారు.

ఆ సాయంత్రం మాస్టారు నన్ను లోపలికి పిలిచారు. "పిల్లకి ఏం పెడుతున్నారమ్మా?"

"అన్నీ పెడుతున్నానండీ."

"ఎందుకూ?"

"మీరే కదండీ తూగాలన్నారు."

ఆయన కాసేపు కాటా వైపు చూశారు. కాసేపు నా వైపు చూశారు. నవ్వు ఆపుకున్నారేమో, ఆ మీసాల కింద తెలియదు. "రేపు వచ్చేటప్పుడు మూడు ఆనపకాయలు తెండమ్మా. లేతవి చూసి."

"ఆనపకాయ తింటే బరువు దిగుతుందా మాస్టారూ?"

"తినడానికి కాదు."

మర్నాడు పొద్దున ఆనపకాయలు తీసుకువెళ్ళాను. పిల్లలంతా పని మానేసి చుట్టూ చేరారు. మాస్టారు మొదటి కాయని కాటా మీద నిలబెట్టి, వెనక గోడకి ఆనించారు. "పైడీ, కొట్టు."

"దీని మీద నాకేం కోపం లేదు మాస్టారూ."

"కోపం అక్కర్లేదు. చెయ్యి చాలు."

పైడితల్లి భుజం ఎగరేసి ఒక్కటి ఇచ్చింది. ఆనపకాయ నిలువునా పగిలి, ముక్కలు కాటా మీద నుంచి జారి కింద పడ్డాయి. "పులుసుక్కూడా పనికిరాదు," అంది పైడితల్లి గర్వంగా, గ్లౌజు తుడుచుకుంటూ.

మాస్టారు రెండో కాయ మెడకి తాడు కట్టి, గుద్దే సంచులు వేలాడదీసే దూలానికి కట్టారు. కాయ సరిగ్గా మనిషి మొహం ఎత్తులో వేలాడింది. "ఇప్పుడు కొట్టు."

కొట్టింది. కాయ వెనక్కి పోయింది, వచ్చింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ పోయింది, ఇంకో పక్కనుంచి వచ్చింది. పైడితల్లికి పౌరుషం వచ్చింది. "నిలబడదేటిది," అంటూ వెంటపడింది. ఎంత బలంగా కొడితే అంత దూరం పోతోంది. తొక్క మీద గాట్లు పడ్డాయి, ఒకచోట సొట్ట పడింది, కాయ మాత్రం పగల్లేదు. చివరికి ఒంట్లో ఉన్న బరువంతా పెట్టి విసిరింది. ఆ దెబ్బ గాలికి పోయింది. ఆ ఊపుకి పైడితల్లి ముందుకి తూలింది. కాయ తాపీగా తిరిగొచ్చి దాని ముక్కు మీద తగిలింది.

పిల్లలు కింద కూర్చుని మరీ నవ్వారు. "ఇది నన్ను కొట్టింది మాస్టారూ," అంది పైడితల్లి, ముక్కు పట్టుకుని. దానికీ నవ్వొస్తోంది.

"చూశాను," అన్నారు మాస్టారు. మూడో కాయ కూడా అలాగే కట్టారు. కట్టి, నా వైపు తిరిగారు. "మీరొకసారి ఇలా రండమ్మా. వెనకనుంచి దీన్ని పట్టుకోండి."

"గట్టిగానా?"

"మీ ఇష్టం."

పట్టుకున్నాను. ఎదురుగా పైడితల్లి చెయ్యి లేచింది. విజయనగరం చప్పుడు నా చెవుల్లో మోగింది. కళ్ళు మూసుకుని రెండు చేతులతో ఆ కాయని ఒడిసిపట్టాను. దెబ్బ తగిలింది. కాయ నా చేతుల్లోనే పగిలింది. మొహమంతా నీళ్ళు, జుట్టులో గింజలు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"పట్టుకున్నారు కదమ్మా," అన్నారు మాస్టారు.

"పట్టుకోమన్నది మీరే కదండీ."

"గట్టిగా అనలేదు."

నాకు కోపం వచ్చింది. ఆయన మీద కేక వెయ్యడం అదే మొదలు. "దెబ్బ మీదికొస్తుంటే ఎవరైనా వదిలేస్తారా? నా పిల్ల ఆనపకాయ కాదు మాస్టారూ. పగిలితే ఇంకోటి తెచ్చి కట్టడానికి."

ఆయన మెడలోని తువ్వాలు తీసి నాకిచ్చారు. నేను మొహం తుడుచుకుంటుంటే రత్నం ముందుకొచ్చింది. అది ఇందాకటి నుంచి నవ్వకుండా చూస్తోంది. ఇప్పుడు గొంతు కొంచెం గట్టిగా ఉంది.

"అంటే నన్ను తగ్గమంటారా మాస్టారూ? వాళ్ళు మీదికొస్తే వెనక్కి పొమ్మంటారా? నేను పోను. ఈసారి తగ్గితే ఎప్పటికీ తగ్గినట్టే. అందరూ అనేది అదే కదా, చిన్నపిల్ల, దానికెందుకు అని. పడిపోయినా పర్లేదు, తగ్గను."

మాస్టారు ఆ వేలాడే రెండో కాయ దగ్గరికి వెళ్ళారు. చూపుడువేలితో మెల్లిగా నెట్టారు. అది వెనక్కి వెళ్ళింది, వచ్చింది, ఇటు అటు ఊగి, మొదట ఎక్కడ ఉందో అక్కడే ఆగింది.

"తగ్గమనలేదు," అన్నారు. "తూగమన్నాను."

నేనూ రత్నం మొహమొహాలు చూసుకున్నాం. కాటా మీద తూగడం ఒకటి. ఉయ్యాల తూగడం ఒకటి. ఇన్నాళ్ళూ గేదెపాలు పోసి నేను పెంచింది మొదటి దాన్ని. ఆ రోజు ఇంటికి వెళ్తుంటే, సందు మలుపులో రత్నం ఉన్నట్టుండి, "అయితే ఆ మాంసమంతా దండగేనా," అంది. "తిన్నప్పుడు బాగానే ఉంది కదా," అన్నాను. నవ్వింది. విజయనగరం తర్వాత దాని నవ్వు నేను వినడం అప్పుడే.

మర్నాటి నుంచి మా ఇంట్లో మామూలు తిండి. దాని బరువు యాభై ఒకటి దగ్గరికి దిగి, అక్కడ ఆగిపోయింది. మాస్టారు ఇక దిగమనలేదు, ఎక్కమనలేదు. దాని ఒంటికి అది నచ్చింది, అంతే అన్నారు. పొద్దునా సాయంత్రం దూలానికి కొత్త ఆనపకాయ కట్టి, పైడితల్లి చేత దాన్ని రత్నం మొహం మీదికి తోయించేవారు. రత్నం కాళ్ళు కదపకూడదు. నడుము నుంచి పక్కకి, వెనక్కి, కిందికి ఒరిగి కాయని పోనివ్వాలి. పోనిచ్చిన వెంటనే ఉన్నచోటికి తిరిగి రావాలి. ఒరగడం దానికి తొందరగానే వచ్చింది. తిరిగి రావడమే కష్టమైంది. ఒరిగి అక్కడే ఉండిపోతే మాస్టారు చేతికర్రతో నేల మీద ఒక్కసారి కొట్టేవారు. ఆ చప్పుడు వినీ వినీ నాకే నడుము ఒరిగేది. దాని వేగం తిరిగొచ్చింది గానీ, ఇదివరకటి వేగం కాదు. ఇదివరకు ముందు చేరడానికి వాడేది. ఇప్పుడు అక్కడ లేకుండా ఉండటానికీ వాడుతోంది.

ఎంపికలు విశాఖపట్నంలో పెట్టారు. పొద్దున్నే కాటా. రత్నం ఎక్కి దిగింది. బరువు రాసుకునే పెద్దమనిషి కళ్ళజోడు పైకి తోసుకుని నా వైపు చూశారు. "ఏమ్మా, ఈ పిల్ల ఈ విభాగంలోనా? మూడు కిలోలు తక్కువుంది. ఎదర ఉన్నవాళ్ళని చూశారా? ఆడపిల్ల, మొహం పాడవుతుంది. ఈసారికి వదిలేసి వచ్చే ఏడు చూసుకోండి."

కొంగు నడుముకి దోపుకున్నాను. "మొహం దానిది. రాయండి," అన్నాను. ఆయన రాశారు.

రత్నానికి పడ్డది కాకినాడ పిల్ల, కృపారాణి. ఎర్ర బెంచీ మీద కాళ్ళు చాపుకుని, కాటా దిగినప్పటి నుంచీ నీళ్ళు తాగుతూనే ఉంది. పెదాలు పగిలిపోయి ఉన్నాయి, ఎన్నాళ్ళ దాహమో. భుజాలు మాత్రం రత్నానికి ఒకటిన్నర రెట్లు ఉన్నాయి. మంచి పిల్లే, మమ్మల్ని చూసి జరిగి చోటిచ్చింది.

"ఆంటీ, మీ పాప ఏ విభాగం? చిన్నపిల్లలవి రేపు కదా."

"నీతోనే," అంది రత్నం.

కృపారాణి దాన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "అయ్యో. భోంచేసి రావాల్సింది కదా."

"నా వంతు కూడా నువ్వు తాగు," అంది రత్నం. "ఇంకో సీసా తాగు. ఎంత తాగినా మోయాల్సింది నువ్వే."

కృపారాణి సీసా నోటి దగ్గర ఆగింది. తర్వాత నవ్వి, తాగింది.

మధ్యాహ్నం పోటీ. మూడు రౌండ్లు. గంట కొట్టగానే కృపారాణి వచ్చింది. విజయనగరం పిల్లలాగే వచ్చింది, ముందు అడుగు, వెనక చెయ్యి. చెయ్యి వచ్చిన చోట రత్నం లేదు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ లేదు. లేకుండా పోయి ఎక్కడికో వెళ్ళిపోలేదు, అక్కడే ఉంది. ఒరిగింది, వచ్చింది, వస్తూ వస్తూ ఒకటి ఇచ్చింది. మా వెనక వరసలో కుర్రాళ్ళు గోల మొదలుపెట్టారు. "ఆడవే, డాన్సు చెయ్యకు." "భయమైతే దిగిపో." పైడితల్లి వెనక్కి తిరిగి, "మీలో ఎవడికి భయం లేదో రింగెక్కండ్రా, చూద్దాం," అంది. కాసేపు సద్దుమణిగింది. మొదటి రౌండు అలాగే పోయింది.

రెండో రౌండులో కృపారాణి తెలివిగా ఆడింది. కొట్టడం తగ్గించి నెట్టడం మొదలుపెట్టింది. దగ్గరికొచ్చి, భుజం రత్నం మెడ మీద వేసి, తాగిన నీళ్ళన్నీ దాని మీద మోపింది. రత్నం మూలకి చేరింది. వెనక కుర్రాళ్ళు మళ్ళీ అందుకున్నారు. "చెప్పానా, చిన్నపిల్ల అని. పాపం, వదిలెయ్యండ్రా." ఆ మాట రత్నానికి వినిపించింది. దాని మెడ బిగుసుకోవడం నేను చూశాను. ఒక్క క్షణం తూగడం మానేసింది. తాడుకు వీపు ఆనించి, కాళ్ళు ఊని, నిలబడింది.

ఈసారి నేను కళ్ళు మూసుకోలేదు. దెబ్బ తగలడం చూశాను, అది పడటం చూశాను. మోకాలి మీద పడింది, తర్వాత చెయ్యి ఆనించింది. రిఫరీ పది దాకా లెక్క మొదలుపెట్టాడు.

నేను ఎప్పుడు లేచానో తెలియదు. సంచి భుజాన ఉంది. రత్నం తల ఎత్తింది. దాని కళ్ళు మాస్టారు ఉన్న మూలకి వెళ్ళలేదు. వరసలన్నీ దాటి నా దగ్గరికి వచ్చాయి. పడితే మానేస్తావు అన్నది నేను, సరే అన్నది అది. సంచిలోంచి తువ్వాలు తీసి, ఇక చాలని నేను ఊపితే అది దిగిపోతుంది. పక్కన పైడితల్లి నా మొహంలోకి చూస్తోంది. రిఫరీ వేళ్ళు ఒక్కొక్కటిగా తెరుచుకుంటున్నాయి.

లెమ్మని నేను అనలేదు. రమ్మనీ అనలేదు. సంచి కింద పెట్టి, కూర్చున్నాను.

రత్నం లేచింది.

మూడో రౌండు నేను పూర్తిగా చూశాను. కృపారాణి ఊపిరి మా వరసకి వినిపిస్తోంది. పొద్దున్నుంచి తాగినదంతా ఇప్పుడు దాని కాళ్ళలో ఉంది. చెయ్యి విసిరితే తిరిగి తెచ్చుకోవడానికి కష్టపడుతోంది. రత్నం వెనక్కి ఒరుగుతోంది, వస్తోంది. భుజం మోపడానికి వస్తే భుజం కింద నుంచి పక్కకి తేలి, పక్కటెముకల మీద రెండు ఇచ్చి, మళ్ళీ ఎదురుగా నిలుస్తోంది. కృపారాణి ఒక దెబ్బ విసిరి, అది గాలికి పోయి, తాడు పట్టుకుని నిలదొక్కుకుంది. గోల చేసిన కుర్రాళ్ళలోనే ఒకడు, "అక్కా, కొట్టు," అన్నాడు. ఎవరిని అన్నాడో తెలియదు. గంట కొట్టేసరికి ముందుకి వెళ్తున్నది రత్నం.

అయిదుగురు న్యాయనిర్ణేతల్లో ముగ్గురు కృపారాణి అన్నారు, ఇద్దరు రత్నం అన్నారు. రిఫరీ కృపారాణి చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అతను వదలగానే దభీమని పడింది. మెట్లు దిగుతూ కృపారాణి వాళ్ళ కోచ్‌తో అన్నది మేమంతా విన్నాం. "గెలిచాం సరే సార్. దీంతో మాత్రం ఇంకోసారి వద్దు. కొడదామంటే ఎక్కడా దొరకదు."

బరువు రాసుకున్న పెద్దమనిషి అటుగా వచ్చి, "చెప్పాను కదమ్మా," అన్నారు. "చెప్పారు," అన్నాను. "వచ్చే ఏడు కూడా ఇదే విభాగం. పేరు ఇప్పుడే రాసుకుంటారా?" ఆయన నవ్వాలో వద్దో తెలియనట్టు చూసి వెళ్ళిపోయారు. ఆ మాట నేనెందుకు అన్నానో నాకు తెలియదు. బస్సులో అనుకున్న మాట మాటే. రత్నం పడింది.

రత్నానికీ అది గుర్తుంది. గోడ పక్కన స్టూలు మీద కూర్చుని, గ్లౌజులు ఇచ్చేసి, వేళ్ళకి చుట్టిన చేతికట్లు విప్పుతోంది. ఎడమ కన్ను కింద వాచింది. పైడితల్లి పక్కనే ఐసు గుడ్డలో చుట్టి పట్టుకుని నిలబడి ఉంది. నేను వెళ్ళి ముందర నిలబడ్డాను. అది నా వైపు చూడలేదు. చివరి చుట్టు కూడా విప్పి, రెండు కట్లూ కలిపి, లేచి మాస్టారు ముందు పట్టింది.

"అమ్మకి మాటిచ్చాను మాస్టారూ. పడితే మానేస్తానని. పడ్డాను." వాచిన కన్ను మూసుకుపోతోంది. "లేచాను కదా అని అడగను. మాటంటే మాటే."

మాస్టారు ఆ కట్లు అందుకున్నారు. చెమటకి ముద్దయి, ఒకచోట నెత్తురు మరక అంటి ఉన్నాయి. ఆయన రత్నం వైపు చూడలేదు. నా మొహంలోకి చూశారు, ఆనపకాయ పగిలిన రోజున చూసినట్టు కాదు, ఆ మాట మీదే కదా అని అడుగుతున్నట్టు. తర్వాత ఆ కట్లని తాపీగా చుట్ట చుట్టి, రత్నం చేతికి కాకుండా నా చేతిలో పెట్టారు.

"ఉతికి ఆరెయ్యండమ్మా," అన్నారు. "పొద్దున్నే కావాలి."